హాల్ సెన్సార్ పోయిందంటున్నారా? సెన్సార్ మార్చాలా, కంట్రోలర్ మార్చాలా, మోటారే మార్చాలా?

నిన్నటిదాకా బాగానే నడిచిన ఎలక్ట్రిక్ స్కూటర్ పొద్దున్నే యాక్సిలరేటర్ తిప్పితే గుర్రుమంటుంది. వెనక చక్రం వణుకుతుందే తప్ప కదలదు. కాలితో కాస్త ముందుకు తోస్తే మాత్రం ఏమీ ఎరగనట్టు పరిగెడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే మళ్లీ అదే గోల. షెడ్డుకు తీసుకెళ్తే ఒకరు కంట్రోలర్ పోయిందంటారు, ఇంకొకరు మోటార్ పోయిందంటారు, మూడో ఆయన సెన్సార్ అక్కర్లేని కంట్రోలర్ వేసేద్దాం అంటాడు. ఒక దారిలో ఖర్చు వందల్లో తేలిపోతుంది, ఇంకో దారిలో వేలకు చేరుతుంది. ఏది ఒప్పుకోవాలో తెలియక టెన్షన్ మనకి.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇలాంటి బండ్లలో ముందు అనుమానించాల్సింది వైరును. తర్వాత హాల్ సెన్సార్, అంటే మోటార్ లోపల అయస్కాంతాలు ఎక్కడున్నాయో చెప్పే చిన్న భాగం. బ్యాటరీ కరెంటును మోటార్‌కు పంచే కంట్రోలర్ ఆ తర్వాత. మోటార్ అన్నిటికన్నా చివర. బయట షెడ్లలో చాలాచోట్ల ఈ వరస తలకిందులుగా నడుస్తుంది, ఎందుకంటే వైరు వెతకడానికి గంట పడుతుంది, కంట్రోలర్ మార్చడానికి పావుగంట చాలు.

ఇక్కడ నేను మాట్లాడేది తక్కువ వేగం స్కూటర్లు, ఎలక్ట్రిక్ సైకిళ్లు, ఈ-రిక్షాల గురించి. వీటిలో బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) మోటార్, విడిగా దొరికే కంట్రోలర్ ఉంటాయి. పెద్ద కంపెనీల కొత్త స్కూటర్లలో కథ వేరు. వాటిలో మోటార్, కంట్రోలర్, బ్యాటరీ సాఫ్ట్‌వేర్‌తో ముడిపడి ఉంటాయి. వారంటీలో ఉన్న బండి అయితే స్క్రూ కూడా విప్పకుండా సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి.

అసలు ఏ వైరు ఏం చేస్తుంది

మోటార్ ఇరుసులోంచి రెండు రకాల వైర్లు బయటికి వస్తాయి. మూడు లావుపాటివి, సాధారణంగా పసుపు, ఆకుపచ్చ, నీలం. ఇవి ఫేజ్ వైర్లు, అసలు కరెంటు పారేది వీటిలోనే. వాటితోపాటు ఐదు సన్నటివి ఉంటాయి. ఎరుపులో 5 వోల్టులు, నలుపు గ్రౌండ్ (నెగటివ్), మిగిలిన పసుపు, ఆకుపచ్చ, నీలం మూడు హాల్ సెన్సార్ల సిగ్నళ్లు. ఆరో వైరు తెల్లది ఉంటే అది స్పీడుకో, మోటార్ వేడి కొలవడానికో పెట్టింది.

అయస్కాంతం ఏ ముఖం తన ముందుకు వచ్చిందో హాల్ సెన్సార్ చెబుతుంది. మూడు సెన్సార్లు కలిసి చెప్పే జవాబును బట్టి ఏ ఫేజుకు కరెంటు ఇవ్వాలో కంట్రోలర్ నిర్ణయించుకుంటుంది. సెన్సార్ల మధ్య 120 డిగ్రీల అమరిక ఉన్న మోటారులో సరైన జవాబులు (సిగ్నల్‌లో 5 వోల్టులు ఉంటే 1, లేకపోతే 0) ఆరే ఆరు: 001, 011, 010, 110, 100, 101. మూడూ ఒకేసారి సున్నా కావడం, మూడూ ఒకేసారి 1 కావడం అందులో ఉండదు. అలా కనబడితే ఎక్కడో ఏదో పోయిందని కంట్రోలర్‌కు అర్థమై కరెంటు ఆపేస్తుంది. ఒక సెన్సార్ మొండికేస్తే చక్రం కొన్ని చోట్ల ఆగినప్పుడు బండి కదులుతుంది, కొన్ని చోట్ల గుర్రుమంటుంది. కాలితో తోస్తే కదలడం వెనకున్న రహస్యం ఇదే.

బండి చెప్పే లక్షణాలు

కదిలేటప్పుడే తంటా, కదిలాక ఫర్వాలేదంటే ఒక సెన్సారో, దాని సిగ్నల్ వైరో పోయినట్టు. గుంతలో పడ్డప్పుడు మాత్రమే ఒక కుదుపు వచ్చి ఆగిపోతుంటే కనెక్టర్ వదులైంది, లేదా పైన ప్లాస్టిక్ బాగానే ఉండి లోపల తీగ తెగింది. మెల్లగా పోతే బాగుండి, ఫుల్ యాక్సిలరేటర్‌లో గిలగిలలాడితే గ్రౌండ్ వైరు సరిగ్గా అంటుకోలేదనో, ఫేజ్ వైర్ల రొద సిగ్నల్ వైర్లలోకి దూరుతోందనో అనుమానించాలి. వాన పడ్డ మర్నాడు మొదలై, రెండు రోజులు ఎండితే తగ్గిపోతే కనెక్టర్‌లో నీళ్లు చేరాయి. తగ్గిపోయింది కదా అని వదిలేయకండి. చిలుము అప్పటికే మొదలై ఉంటుంది. సముద్రం గాలి తగిలే విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో అయితే అది ఇంకా తొందరగా పెరుగుతుంది.

ఏమీ కదలకుండా, చప్పుడు కూడా చేయకుండా ఉంటే మాత్రం హాల్ సెన్సార్ జోలికి పోకముందే బ్రేక్ లివర్ చూడండి. బ్రేక్ పట్టుకుంటే మోటార్ ఆగిపోవడానికి అందులో ఒక స్విచ్ ఉంటుంది. అది ఇరుక్కుంటే కంట్రోలర్ మనం బ్రేక్ పట్టుకునే ఉన్నామనుకుంటుంది. ఆ స్విచ్ కనెక్టర్ పీకి చూడటం నిమిషం పని.

ముందు ఆ 5 వోల్టులు

హాల్ సెన్సార్లకు వెళ్లే 5 వోల్టులే యాక్సిలరేటర్‌కు కూడా వెళ్తాయి. యాక్సిలరేటర్ లోపల ఉన్నదీ ఒక రకం హాల్ సెన్సారే. వదిలేసినప్పుడు సుమారు 0.8 వోల్టు, పూర్తిగా తిప్పితే 4 వోల్టులకు కాస్త అటూ ఇటూ ఇస్తుంది. అంటే హ్యాండిల్ దగ్గర ఒక వైరు ఒరుసుకుపోయి షార్ట్ అయితే వెనక చక్రంలోని సెన్సార్లు కూడా మూగబోతాయి. మోటార్ పోయిందనిపిస్తుంది, పోయింది హ్యాండిల్ దగ్గర.

కాబట్టి బండిని సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం నేలకు తగలకుండా చూసుకుని, తాళం ఆన్ చేసి, మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టండి. మోటార్ హాల్ కనెక్టర్ పీకకుండానే, వైరు లోపలికి వెళ్లే వెనక వైపు నుంచి ప్రోబును (మీటర్ సూదిని) సన్నగా దూర్చాలి. ముందు నుంచి గుచ్చితే లోపలి రేకు సాగిపోయి కొత్త రోగం మొదలవుతుంది. ఎరుపుకీ నలుపుకీ మధ్య నాలుగున్నర నుంచి 5 దాకా చూపిస్తే సరే. కొన్ని కంట్రోలర్లు కాస్త తక్కువే ఇస్తాయి, 4 పైన ఉంటే కంగారు పడక్కర్లేదు.

ఏమీ రాకపోతే మోటార్ హాల్ కనెక్టర్ పీకి, కంట్రోలర్ వైపున మళ్లీ కొలవండి. ఇప్పుడు 5 తిరిగొస్తే షార్ట్ మోటార్ వైపు ఉంది. రాకపోతే యాక్సిలరేటర్ కనెక్టర్ కూడా పీకండి. అప్పుడు వస్తే దోషి యాక్సిలరేటర్. అయినా రాకపోతే కంట్రోలర్. రూపాయి ఖర్చు లేకుండా మూడు అనుమానాల్లో రెండు ఇక్కడే తేలిపోతాయి.

5 వోల్టులు ఉన్నాయంటే కనెక్టర్లన్నీ మళ్లీ పెట్టేసి, నల్ల ప్రోబు నల్ల వైరుకే ఉంచి, ఎర్ర ప్రోబును ఒక్కో సిగ్నల్ వైరులో పెట్టి చక్రాన్ని చేత్తో చాలా మెల్లగా తిప్పండి. రీడింగు సున్నాకీ ఐదుకీ మధ్య గెంతుతూ ఉండాలి. 46 అయస్కాంతాలున్న హబ్ మోటారులో (చక్రం లోపలే ఉండే మోటారులో) చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి ఒక్కో సెన్సార్ 46 సార్లు మారుతుంది కాబట్టి అంగుళం, అంగుళంన్నర కదిలిస్తే చాలు మార్పు కనబడుతుంది. వేగంగా తిప్పితే మీటర్ సగటు తీసి రెండున్నర దగ్గర చూపిస్తుంది, దాన్ని చూసి సెన్సార్ పోయిందనుకునేవాళ్లున్నారు.

ఇక చదవడం. ఒక్క సిగ్నల్ మాత్రమే 5 దగ్గర ఆగిపోతే ఆ సెన్సార్ చచ్చిపోయి ఉండాలి, లేదా దాని వైరు తెగి ఉండాలి. సిగ్నల్‌ను పైకి లాగి 5 దగ్గర నిలిపేది కంట్రోలర్, కిందికి లాగేది సెన్సార్. లాగేవాడు లేకపోతే అది పైనే ఉండిపోతుంది. ఒక్కటి సున్నా దగ్గర ఆగిపోతే సెన్సార్ లోపల షార్ట్, లేదా ఆ వైరు గ్రౌండ్‌కు తగులుతోంది. మూడూ కలిసి 5 దగ్గరే ఆగిపోతే ఒకేసారి మూడు సెన్సార్లు చనిపోయాయని నమ్మకండి. మూడింటికీ ఉమ్మడిగా ఉన్న ఎరుపో నలుపో మోటార్ వైపు తెగి ఉండే అవకాశమే ఎక్కువ. మోటార్ హాల్ కనెక్టర్ పూర్తిగా పీకేసినా ఒక సిగ్నల్ కంట్రోలర్ వైపున సున్నాలోనే ఉంటే అది కంట్రోలర్ లోపలి రోగం. అప్పుడు సెన్సార్లు మారిస్తే డబ్బు, పని రెండూ వృథా.

మల్టీమీటరా, ఎల్ఈడీ టెస్టరా

చేతిలో ఇమిడే బీఎల్‌డీసీ టెస్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మూడు హాల్ లైట్లు, మూడు ఫేజ్ లైట్లు, లోపల ఒక చిన్న బ్యాటరీ. మోటార్‌కు తగిలించి చక్రం తిప్పితే లైట్లు వంతులవారీగా వెలగాలి. మోటార్‌ను బండి నుంచి విడిగా పరీక్షించాలంటే ఇది చాలా సుఖం, ఎందుకంటే దీనిలో 5 వోల్టులూ, సిగ్నల్‌ను పైకి లాగే రెసిస్టర్లూ ఉన్నాయి. మల్టీమీటర్‌తో అదే పని చేయాలంటే విడిగా 5 వోల్టులు ఇచ్చి, ఒక్కో సిగ్నల్‌కు 4.7 కిలోఓమ్‌లో 10 కిలోఓమ్‌లో రెసిస్టర్ పెట్టుకోవాలి. లేకపోతే మంచి సెన్సార్ కూడా చచ్చినట్టే కనబడుతుంది.

కానీ టెస్టర్ లైట్ వెలిగిందా లేదా అనేది మాత్రమే చెబుతుంది. సున్నాకు బదులు ఒకటిన్నర వోల్టు దాకా మాత్రమే దిగుతున్న సిగ్నల్‌ను, అంటే చిలుము పట్టిన గ్రౌండ్‌ను, అది పట్టుకోలేదు. మీకు ఒక్క బండే ఉంటే మల్టీమీటర్ చాలు, ఇంట్లో వేరే పనులకూ పనికొస్తుంది. నాలుగైదు ఈ-రిక్షాలు అద్దెకు తిప్పేవారు మాత్రం టెస్టర్ కూడా కొనుక్కోవడం మంచిది.

చక్రం బిగుసుకుపోతే

ఇది వేరే రకం రోగం. బండి ఆఫ్‌లో ఉన్నా చక్రం గట్టిగా, ఆగి ఆగి తిరుగుతుంటే మూడు ఫేజ్ వైర్లనూ విడదీసి, ఒకదానికొకటి తగలకుండా పెట్టి మళ్లీ తిప్పండి. హాయిగా తిరిగితే కంట్రోలర్‌లో మాస్‌ఫెట్ (ఫేజులకు కరెంటు ఇచ్చి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్) షార్ట్ అయింది. ఇంకా బిగుతుగానే ఉంటే ఇరుసు దగ్గర ఫేజ్ వైర్లు కరిగి అతుక్కున్నాయి, లేదా వైండింగే (మోటార్ లోపలి తీగ చుట్టలే) కాలింది.

కంట్రోలర్ సంగతి ఖాయం చేసుకోవాలంటే బ్యాటరీ పూర్తిగా విప్పేసి, లోపలి కెపాసిటర్ ఖాళీ అయ్యేదాకా ఆగి, మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టండి. ఎర్ర ప్రోబు కంట్రోలర్ బ్యాటరీ నెగటివ్‌కు, నల్లది ఒక్కో ఫేజ్‌కు. తర్వాత నల్లది బ్యాటరీ పాజిటివ్‌కు, ఎర్రది ఒక్కో ఫేజ్‌కు. ఆరుసార్లూ 0.4, 0.5 అలా దగ్గర దగ్గర అంకెలు రావాలి. ఎక్కడైనా సున్నా వచ్చి బీప్ మోగితే ఆ మాస్‌ఫెట్ పోయింది. ఈ పరీక్ష చేయకుండా "కంట్రోలర్ పోయిందండీ" అన్నవారి మాట మీద డబ్బు పెట్టకండి.

మొదటి దారి: వైరింగ్ బాగుచేయడం

రోగం వైరులోనే అయితే ఇంతకన్నా చవక, మన్నిక ఉన్న దారి లేదు. వెతకాల్సిన చోట్లు మూడు. ఇరుసులోంచి కేబుల్ బయటికి వచ్చి వంగే చోటు మొదటిది. ఇరుసు నట్టు వదులైతే మోటార్ బలానికి ఇరుసే మెలితిరిగి కేబుల్‌ను కోసేస్తుంది. అక్కడ లావు వైరులోని 48 వోల్టులు సన్న వైరుకు తగిలితే మూడు సెన్సార్లూ, కంట్రోలర్‌లోని 5 వోల్టుల భాగం కూడా క్షణంలో పోతాయి. అందుకే నట్టు బిగించడమే కాదు, ఇరుసు తిరగకుండా పట్టుకునే ఇనుప పట్టీ ఉందో లేదో చూడాలి. రెండో చోటు సీటు కింద కనెక్టర్ల గుత్తి. మూడోది హ్యాండిల్ తిరిగే దగ్గర వైర్ల కట్ట. సీటు కింద ఎలుకలు కొరికిన గుర్తులు కూడా చూడండి. పెంకుటింటి వసారాలో, గోడౌన్ పక్కన పెట్టే బండ్లకు ఇది తప్పదు.

అతుకు ఎలా వేయాలన్నది కూడా ఒక ఎంపికే. తీగలు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టడం ఇంటికి చేరడానికి సరిపోతుంది, అంతే. ఎండకు జిగురు కరిగి టేపు ఊడుతుంది, వానకు లోపల చిలుము పడుతుంది. సన్న హాల్ వైర్లకు సోల్డరింగ్ చేసి ఒక్కోదానికి విడిగా హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని తీగను పట్టేసే గొట్టం) వేయడం మేలు. ఐదు అతుకులూ ఒకేచోట కాకుండా ఒకటి ముందు, ఒకటి వెనక వచ్చేలా వేయాలి, లేకపోతే కట్ట ఉబ్బి చోటు పట్టదు. సోల్డర్ పీల్చుకున్న తీగ గట్టిపడి, అతుకు పక్కనే విరుగుతుంది. అందుకని అతుకుకు రెండు వైపులా టైతో ఫ్రేముకు కట్టేయండి, ఊగకుండా. లావు ఫేజ్ వైర్లకు మాత్రం సోల్డర్ మీద నాకు నమ్మకం లేదు. బుల్లెట్ కనెక్టర్లు వదులై, వేడెక్కి, ప్లాస్టిక్ కరిగించడం ఈ-రిక్షాల్లో మామూలే. సరైన సైజు లగ్గును (వైరు చివర తొడిగే లోహపు తొడుగును) నొక్కి క్రింప్ చేసి బోల్టుతో బిగించడమే గట్టి పని.

హాల్ వైర్లను ఫేజ్ వైర్ల నుంచి వీలైనంత దూరంగా పోనివ్వండి. కేబుల్ కనెక్టర్‌లోకి వెళ్లేముందు ఒకసారి కిందికి వేలాడేలా వదిలితే వాననీళ్లు అక్కడి నుంచి కారిపోతాయి, కనెక్టర్‌లోకి పాకవు.

రెండో దారి: సెన్సార్లు మార్చడం

వైరు బాగుండి సెన్సారే పోయిందని తేలితే, పని చేయగల మనిషి దొరికితే, నా ఓటు దీనికే. సరుకు ఖర్చు చాలా తక్కువ, అసలు ధర పడేది పనితనానికి. హబ్ మోటార్ తెరవడం ఆషామాషీ కాదు. అయస్కాంతాలు స్టేటర్‌ను (తీగ చుట్టిన, తిరగని భాగాన్ని) ఎంత బలంగా పట్టుకుంటాయంటే, బయటికి లాగేటప్పుడు వేలు మధ్యలో పడితే నలిగిపోతుంది. పుల్లర్ (మెల్లగా బయటికి లాగే పనిముట్టు) లేకుండా సుత్తితో కొట్టి తీస్తానన్నవారికి మోటార్ ఇవ్వకండి. మూతనూ హబ్‌నూ కలుపుతూ మార్కర్‌తో ఒక గీత గీయించండి, మళ్లీ అదే చోట బిగించడానికి.

విప్పేముందు ఒక్కసారి కేబుల్ చివర చూడండి. కొన్ని హబ్ మోటార్లలో రెండు జతల హాల్ సెన్సార్లు పెట్టి, రెండో కనెక్టర్‌ను ఖాళీగా వదిలేస్తారు. మీ అదృష్టం బాగుంటే కనెక్టర్ మార్చి తగిలించడంతో పని అయిపోతుంది.

ఏ సెన్సార్ కొనాలన్న దగ్గర చాలామంది బోల్తా పడతారు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి హాల్ సెన్సార్ ఇమ్మంటే 3144 అనే రకం చేతిలో పెట్టే అవకాశం ఉంది. చూడ్డానికి అదే నల్ల మూడు కాళ్ల పురుగు. కానీ అది అయస్కాంతం ఒక ముఖానికే పలుకుతుంది, అది పక్కకు పోగానే ఆఫ్ అయిపోతుంది. మనకు కావలసింది ఒక ముఖం వస్తే ఆన్ అయి, రెండో ముఖం వచ్చేదాకా అలాగే ఉండే లాచింగ్ రకం. ఎస్ఎస్41 అనో, 41ఎఫ్ అనో అడగండి. మోటార్ లోపల వేడి ఎక్కువ కాబట్టి 150 డిగ్రీల దాకా తట్టుకునే రకమా అని కూడా అడగాలి.

పోయింది ఒకటే అయినా మూడూ మార్చించండి. తెరవడమే పెద్ద పని, మిగిలిన రెండూ అదే వేడిని అన్నాళ్లూ తిన్నవే. పాత సెన్సార్ అచ్చు అక్షరాలు ఏ వైపు ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకుని కొత్తది అలాగే కూర్చోబెట్టాలి. అక్షరాలు మనవైపు పెట్టి చూస్తే ఎస్ఎస్41లో ఎడమ కాలు 5 వోల్టులు, మధ్యది గ్రౌండ్, కుడిది సిగ్నల్. మూడింట్లో ఒక్కటి వెనక్కి తిరిగి కూర్చున్నా 000, 111 జవాబులు రావడం మొదలవుతుంది. కాళ్లకు సన్న స్లీవ్ వేసి, రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీతో అంటించి, మర్నాటిదాకా ఆరనివ్వాలి. క్షణాల్లో అంటుకునే జిగురు వేడికి వదిలేస్తుంది. మూత బిగించకముందే టెస్టర్ పెట్టి మూడు లైట్లూ చూసుకోవాలి.

ఈ-రిక్షా మోటారులో ఇదే పని చాలా తేలిక. అక్కడ మోటార్ చక్రంలో కాకుండా వెనక ఇరుసు మీద విడిగా ఉంటుంది. వెనక మూత విప్పితే సెన్సార్లు అందుతాయి. ఈ-రిక్షా విషయంలో రెండో ఆలోచనే వద్దు, సెన్సార్లే మార్చండి.

మూడో దారి: సెన్సార్ అక్కర్లేని కంట్రోలర్

వినడానికి ఇది చాలా బాగుంటుంది. ఐదు సన్న వైర్ల బెడదే ఉండదు, మూడు లావు వైర్లతో పని జరిగిపోతుంది. తిరుగుతున్న మోటార్ తనే కొంత వోల్టేజీ పుట్టిస్తుంది, దాన్ని చూసి అయస్కాంతాలు ఎక్కడున్నాయో కంట్రోలర్ లెక్క కడుతుంది. చిక్కంతా ఆగి ఉన్నప్పుడే. చక్రం తిరగనప్పుడు ఆ వోల్టేజీ ఉండదు. కంట్రోలర్ గుడ్డిగా ఒక ఫేజుకు కరెంటు ఇచ్చి, కదిలిందా లేదా అని చూస్తుంది. బరువు లేకపోతే ఒక కుదుపుతో కదులుతుంది. వెనక మనిషి కూర్చుని ఎత్తులో ఆగితే కదలకపోవచ్చు, వెనక్కి జారొచ్చు, ఆ తంటాలో కరెంటు ఎగబాకి మాస్‌ఫెట్‌లు వేడెక్కుతాయి.

పెడల్ ఉన్న ఎలక్ట్రిక్ సైకిల్‌కు ఇది మంచి ఎంపికే. మొదటి రెండు తొక్కులు మనం తొక్కుతాం, తర్వాత మోటార్ అందుకుంటుంది. గుంటూరు, ఏలూరు లాంటి చదునైన ఊళ్లో ఒక్కరే తిరిగే చిన్న స్కూటర్‌కు కూడా సర్దుకుపోవచ్చు. విశాఖ ఎత్తుపల్లాల రోడ్ల మీద, సింహాచలం కొండెక్కే బండికి వద్దు. నలుగురిని ఎక్కించుకునే ఈ-రిక్షాకు అసలే వద్దు. అది రోజంతా ఆగడం, కదలడమే కదా పని.

రెండు రకాలుగా నడిచే డ్యూయల్ మోడ్ కంట్రోలర్లు ఉన్నాయి. సెన్సార్ ఉంటే దానితో, పోతే లేకుండా నడుస్తాయి. ఎలాగూ కంట్రోలర్ కొనాల్సి వస్తే ఇదే కొనండి. సెన్సార్ పోయినా దారిలో దిగబడిపోరు. ఒక ఇబ్బంది ఏమిటంటే, సెన్సార్ పోయిన సంగతి మీకు తొందరగా తెలియదు. కదిలేటప్పుడు కొత్తగా కుదుపు మొదలైతే అదే గుర్తు.

నాలుగో దారి: అలాంటిదే కొత్త కంట్రోలర్

పైన చెప్పిన డయోడ్ పరీక్షలో మాస్‌ఫెట్ షార్ట్ అని తేలినా, మోటార్ హాల్ కనెక్టర్ పీకినా సిగ్నల్ సున్నాలోనే ఉన్నా, 5 వోల్టులు అసలు పుట్టకపోయినా ఇదొక్కటే దారి. అయితే పాతది ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది తగిలించకండి. ఇరుసు దగ్గర వైర్లు కరిగి ఉంటే కొత్త కంట్రోలర్ కూడా తాళం తిప్పిన నిమిషంలోనే పోతుంది. అసలుకే ఎసరు.

కొనేటప్పుడు వోల్టేజీ ఒక్కటే చూస్తే చాలదు. 48కి 48, 60కి 60 సరే. కంట్రోలర్ గరిష్ఠ ఆంపియర్లు మీ బ్యాటరీలోని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఇవ్వగలిగినదానికన్నా ఎక్కువైతే ఎత్తెక్కేటప్పుడు బ్యాటరీ దానంతటదే కట్ అవుతుంది. మళ్లీ సెన్సార్ మీద అనుమానం, మళ్లీ షెడ్డు. లెడ్ యాసిడ్ బ్యాటరీ తీసి లిథియం వేయించుకున్నవారు, ఏ వోల్టేజీ దగ్గర కంట్రోలర్ ఆపేస్తుందో కూడా అడిగి తీసుకోవాలి.

"పెద్ద కంట్రోలర్ వేస్తే పికప్ పెరుగుతుంది" అన్న మాట షెడ్డులో తప్పకుండా వినబడుతుంది. పెరుగుతుంది, నిజమే. కానీ 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్నందుకే తక్కువ వేగం స్కూటర్‌కు రిజిస్ట్రేషన్, లైసెన్స్ అడగడం లేదు. ఆ గీత దాటితే మినహాయింపు పోతుంది. యాక్సిడెంట్ అయిన రోజున ఆ సంగతి బయటపడుతుంది. పైగా సన్న ఫేజ్ వైర్లు ఆ కరెంటు మోయలేక మళ్లీ ఇరుసు దగ్గరే కరుగుతాయి.

కొత్త కంట్రోలర్ రంగుకు రంగు కలిపితే నడవాలని రూలేమీ లేదు. మూడు ఫేజ్‌లు, మూడు హాల్ వైర్లు కలిపితే 36 రకాలుగా తగిలించొచ్చు. వాటిలో మూడు ముందుకు సాఫీగా, మూడు వెనక్కి సాఫీగా తిప్పుతాయి. మిగిలిన 30 గుర్రుమంటాయి, కుదుపుతాయి, లేదా నడిచినట్టే నడిచి కరెంటు తాగేస్తాయి. చాలా కంట్రోలర్లలో సెల్ఫ్ లెర్నింగ్ కోసం రెండు తెల్ల వైర్లు ఉంటాయి. చక్రం పైకెత్తి అవి కలిపి తాళం ఆన్ చేస్తే మోటార్ మెల్లగా తిరుగుతూ వరస నేర్చుకుంటుంది. వెనక్కి తిరిగితే ఆ వైర్లు ఒకసారి విడదీసి కలిపితే ముందుకు మారుతుంది. ఈ సౌకర్యం ఉన్నదాన్నే కొనండి, ఒక పూట పని తప్పుతుంది.

ఐదో దారి: మోటార్ మార్చడం

ఒక సెన్సార్ కోసం మోటార్ మార్చడం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. అయినా కొన్నిసార్లు తప్పదు. ఫేజ్ వైర్లు విడదీసినా చక్రం బిగుతుగా ఉండి, ఇరుసు దగ్గర వైర్లు బాగానే ఉంటే వైండింగ్ పోయింది. మూత తీయగానే కాలిన వార్నిష్ వాసన వస్తే ఇక అనుమానమే లేదు. అయస్కాంతాలు ఊడి రాసుకుంటున్నా, నీళ్లు చేరి స్టేటర్ తుప్పు పట్టి పొరలు లేస్తున్నా, ఇరుసు మరలు అరిగిపోయినా మార్చడమే మంచిది. బోరు మోటార్లు చుట్టే షాపులు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, వాళ్లకే ఇద్దామని అనిపిస్తుంది. హబ్ మోటారులో సన్న తీగలు చాలా కలిపి ఇరుకు గాడుల్లో చుడతారు. ఆ పని ముందు చేసి చూపించిన మనిషైతేనే ఇవ్వండి.

షెడ్డులో చేయిస్తే పాత భాగం తిరిగి ఇమ్మని ముందే చెప్పండి. ఏ వైరులో ఎంత వోల్టేజీ వచ్చిందో మీ ముందే కొలిచి చూపించమనండి. మంచి మెకానిక్ దీనికి నొచ్చుకోడు, ఉత్సాహంగా చూపిస్తాడు.

పని అయ్యాక చక్రం గాల్లో ఉంచి ఫుల్ యాక్సిలరేటర్‌లో బ్యాటరీ నుంచి ఎంత కరెంటు పోతోందో క్లాంప్ మీటర్‌తో (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటర్‌తో) చూడండి. అది డీసీ కొలిచేదై ఉండాలి. చిన్న హబ్ మోటారుకు ఒకటి రెండు ఆంపియర్లకు మించకూడదు. ఎక్కువ చూపిస్తే, బండి నడుస్తున్నా వైర్ల కలయిక తప్పని అర్థం, అలాగే వదిలేస్తే మోటార్ కాలుతుంది. తర్వాత కిలోమీటరు నడిపి, తాళం తీసి, ఫేజ్ వైర్ల అతుకులను ఒక్కోటి చేత్తో తాకండి. మూడూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే సరే. ఒకటి మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ అతుకును ఆ రోజే విప్పి మళ్లీ వేయించండి.